టార్పాలిన్ కింద

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో తొమ్మిదో, మండు వేసవి. బస్సు ఛార్జీ మిగిలితే పాప మందుకు పనికొస్తుందని పాతపట్నంలో బొబ్బిలి వెళ్లే గోగునార లారీ ఎక్కాను. చెక్‌పోస్టు వచ్చే ముందు సరుకు మీద కూర్చున్నవాళ్లను పడుకోబెట్టి టార్పాలిన్ కప్పేయడం ఆ లారీల వాడుక. పట్టుబడితే దించేస్తారు. ఆ రోజు నేనూ, జ్వరంతో కాలిపోతున్న రెండేళ్ల మా పాపా, బుట్టతో ఒక ముసలామె ఉన్నాం.

లారీ ఆగింది. లోపల ఉడికిపోతున్నాం. నార దుమ్ముకి పాప దగ్గింది. భయంతో దాని నోరు గట్టిగా మూసేశాను. చేతి కింద గింజుకుంటున్నా తియ్యలేదు.

ముసలామె నా మణికట్టు పట్టుకుని లాగేసింది.

"సెయ్యి తియ్యి నాయినా. గుంట సచ్చిపోతాది."

పాప మళ్లీ దగ్గింది.

"ఎవరది పైన?" కింద నుంచి కేక వినబడింది.

ఆమె గట్టిగా రెండుసార్లు దగ్గి, టార్పాలిన్ అంచు ఎత్తి తల బయటపెట్టింది.

"నానే బాబూ. ఇంకెవులూ నేరు."

ఆమెను దించేశారు. దిగుతూ దిగుతూ, పాప మొహానికి గాలి తగిలేలా ఆ అంచును మడిచి వదిలింది. లారీ కదిలాక ఆ సందులోంచి చూశాను. నెత్తిన బుట్టతో, చెప్పుల్లేని కాళ్లతో, ఎండలో రోడ్డు వార నడుస్తోంది. ఆపమని డ్రైవర్ని కేకెయ్యొచ్చు. కానీ చెక్‌పోస్టు ఇంకా కనిపిస్తూనే ఉంది.

పాప నోటి మీంచి ఆమె లాగేసిన చేతిని నా నోటికి అడ్డం పెట్టుకున్నాను.