కాప్రా చెరువుకు రావలసిన ఓడ

మునిగిన ఓడలంటే నాకు పిచ్చి. ఉండేది విశాఖపట్నంలో. ఏ ఒడ్డున పాత ఓడ ఇనుము బయటపడిందని విన్నా, సెలవు పెట్టి సంచి సర్దుకుంటాను. "లోకమంతా తేలే ఓడ ఎక్కడానికి వెళ్తుంది, నువ్వు మునిగినదాన్ని పలకరించడానికి వెళ్తావు" అని మా ఆయన ఆటపట్టిస్తుంటారు. ఈ బ్లాగు చదివేవాళ్లకు నా సంగతి తెలిసిందే. అయినా కిందటి వానాకాలంలో ఒక పాఠకురాలు పంపిన సందేశం చూసి నేనే తికమకపడ్డాను. "అక్కా, మునిగిన ఓడ ఒకటి మా దగ్గర సుత ఉంది. మా నానీ చెప్తది. సికింద్రాబాద్ రండి" అని రాసింది. పేరు షాహీన్. సికింద్రాబాదు నుంచి ఎటు వెళ్లినా సముద్రం చూడాలంటే ఒక రాత్రి రైలు ప్రయాణం చేయాల్సిందే. అక్కడ ఓడేమిటి?

ఫోన్ చేశాను. షాహీన్ రెండు మాటలు మాట్లాడిందో లేదో, ఒక ముసలి గొంతు ఫోన్ లాక్కుంది. "వచ్చేటప్పుడు సముద్రం ఉప్పు జెర తెస్తవా బిడ్డా? ప్యాకెట్ల ఉప్పు గాదు, దొడ్డుప్పు." ఇంకేమీ చెప్పలేదు, సలాం అని పెట్టేసింది. ఉప్పు ఎందుకని అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. తెలిసినవాళ్ల చేత నౌపడ ఉప్పు కొటార్ల నుంచి ఒక చిన్న మూట తెప్పించుకుని, నవంబరులో ఒక సాయంత్రం రైలెక్కాను. స్లీపర్ టికెట్టు ఐదువందల లోపే. దసరా, దీపావళి రోజులు కాకపోతే ముందుగా చూసుకున్నవాళ్లకు బెర్తు సులువుగానే దొరుకుతుంది. రాత్రంతా రైలు ఊగుతుంటే నిద్రలో నాకు అలల చప్పుడే వినిపించింది. తెల్లవారి లేచి కిటికీలోంచి చూస్తే నీటిచుక్క లేదు, మంచులో నల్లటి బండరాళ్లు కూర్చుని ఉన్నాయి.

సికింద్రాబాదు స్టేషన్లో దిగేసరికి ఏడు దాటింది. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి, నేరేడ్‌మెట్ మీదుగా ఏ.ఎస్. రావు నగర్ వెళ్లే సిటీ బస్సు ఎక్కాను. టికెట్టు నలభై రూపాయలకు మించదు, దారి గంట సేపు పడుతుంది. మిలిటరీ ప్రహరీలు, వాటి వెనక పెద్ద పెద్ద చెట్లు, ఆ నీడల్లో రోడ్డు నిద్ర లేవనట్టే ఉంది. ఏ.ఎస్. రావు నగర్లో దిగి కాప్రా చెరువుకు ఆటో మాట్లాడుకున్నాను. నూట యాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు.

"చెరువు కాడ ఏం పని మేడమ్? ప్లాటు చూస్తున్నరా?" అన్నాడు డ్రైవరు.

"ఓడ చూడ్డానికి" అన్నాను.

అద్దంలోంచి నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "ఓడనా? గా చెరువుల గుర్రపుడెక్క తప్ప ఏం లేదు మేడమ్. బాతు సుత ఈదలేదు, ఓడ యాడికెళ్లొస్తది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటకొస్తే నాకూ అదే అనుమానం.

షాహీన్ సందు మొదట్లోనే నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయి, ఏ.ఎస్. రావు నగర్లో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. ఇంట్లోకి తీసుకెళ్లే ముందే నన్ను ఆపి అసలు సంగతి చెప్పింది. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, హలీమాబీ. ఎనభై దాటాయి. గుండె బాగా నీరసించిందని డాక్టరు చెప్పాడు. "పోయినోళ్ల కోసం ఇంట్ల ఫాతెహా చదివినప్పుడల్లా వాళ్ల పేర్లన్నీ నానీ ఒక్కొక్కటే చదువుతది అక్కా. వాళ్లమ్మ పేరు అయినంక ఒక దగ్గర ఆగుతది. గుటక మింగి ముందుకు పోతది. చిన్నప్పటి సంది చూస్తున్న. అది వాళ్ల అబ్బా, అంటే నాయిన, పేరు రావల్సిన జాగా. ఓడల పోయిండు, మళ్ల రాలే. ఆయన పేరు మాకెవ్వరికీ తెల్వదు. అడిగితే చెప్పదు. నానీ పోతే గా పేరు గూడ పోతది." ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "ఓడల సంగతి తెలిసినోళ్లు చెప్తెనే గా పేరు చదువుతా అంటది. మీ బ్లాగు చదివి వినిపించిన. పిలువు అన్నది."

చరిత్ర చదివి, ఫొటోలు తీసి, నాలుగు పేజీలు రాసుకునే మనిషిని నేను. ఒక ముసలావిడ తండ్రి బతికాడో పోయాడో తేల్చమంటే ఏం చెప్పను?

ఇంటి వెనక వరండా చెరువు వైపుకు తెరుచుకుంటుంది. అక్కడ ఒక పాత కుర్చీ, చెరువుకే ముఖం పెట్టి. అందులో హలీమాబీ. పలచటి మనిషి, మెడలో నల్లపూసల లచ్ఛా. లచ్ఛా అంటే ఇక్కడి ముస్లిం స్త్రీలకు పెళ్లిలో కట్టే నల్లపూసల దండ. అది తనది కాదని, తల్లిదని తరవాత తెలిసింది. నేను కూడా నానీ అనే పిలిచి, ఉప్పు మూట చేతిలో పెట్టాను. ఆవిడ విప్పి, ఒక పలుకు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. "ఔ" అంది. చెరువు మీద ఎండ పొగమంచులోంచి వస్తోంది, ఆకుపచ్చటి గుర్రపుడెక్క మధ్య అక్కడక్కడా నీళ్లు మెరుస్తున్నాయి.

"మా అబ్బా రైలింజన్ల బొగ్గేస్తుండె" అని మొదలుపెట్టింది. "ఎవరో బొంబాయి తోలుకపోయిండు. ఓడల సుత బొగ్గేసెటోళ్లు కావాల్నట. మస్తు దినాలు కాలే, ఇక్కడ గడబిడ షురూ అయింది. రైళ్లు బంద్, చిట్టీలు బంద్. ఉప్పు సుత దొరకకపాయె. అమ్మ ఒక పిడికెడు ఉప్పు కుండల దాచిపెట్టింది, మీ అబ్బా వస్తే కావాలె అని. ఆయనకు జామకాయ మీద ఉప్పేసుకొని తినుడంటే పానం. బొగ్గుతోటి నల్లగైన బొటనవేలుతోటి ఉప్పు అద్దుతుండె. ఆయన మొకం యాదికి లేదు బిడ్డా. గా వేలు యాదికున్నది."

నిజాం సర్కారుకు సముద్రమే లేదు గనక ఎక్కడో ఒక ఓడరేవు కొంటారని ఆ రోజుల్లో పుకారు. కాప్రా అప్పుడు ఊరే, అందులో చిన్న హలీమాకు తెలిసిన పెద్ద నీళ్లు ఈ చెరువే. రేవు కొంటే అది ఇక్కడికే వస్తుందని, అబ్బా ఓడ ఈ గట్టుకే ఆగుతుందని నమ్మింది. పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చునేదట. "పిచ్చిదాన్ని. ఓడ ఎంత ఉంటదో తెల్వదు గద. మా గుడిసంత ఉంటది అనుకున్న" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు కూడా గుర్రపుడెక్కను తోసుకుంటూ ఒక గుడిసెంత ఓడ వస్తున్నట్టే అనిపించింది.

ఆ తరవాత సైన్యం వచ్చింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చిన ఆ కొద్ది రోజులనే ఇక్కడివాళ్లు పోలీసు చర్య అంటారు. ముస్లిం ఇళ్ల మీద దాడులు జరుగుతున్నాయని విని పక్కింటి మల్లమ్మ రాత్రికి రాత్రి తల్లీబిడ్డల్ని తన ఇంటికి తెచ్చుకుంది. తల్లికి నుదుట బొట్టు పెట్టి, ఎవరడిగినా మా చెల్లె అని చెప్పింది. మెడలో నల్లపూసలు ఎలాగూ ఉన్నాయి, చూసినవాళ్లకు అనుమానం రాలేదు. "మా ఊళ్లె ఎవ్వలు ఏం జేయలే. కని భయం మాత్రం ఉండె, మస్తు" అంది నానీ. సద్దుమణిగాక బొంబాయి నుంచి ఒకాయన వచ్చి కబురు చెప్పాడు. వానాకాలంలో బయల్దేరిన ఓడ ఏ రేవుకూ చేరలేదని. చేరలేదన్నాడు గానీ మునిగిందని అనలేదు. తల్లి ఆ మాటే పట్టుకుంది. మొగుడు పోయాడని తేలకుండా, తనను కాపాడిన నల్లపూసలు ఎలా తీయాలి? మొగుడు బతికుండగా ఫాతెహా ఇస్తే అతనికి కీడు కాదా? ఓడల సంగతి తెలిసినవాళ్లు వచ్చి చెప్పేదాకా అబ్బా పేరు ఫాతెహాలో చదవనని కూతురి చేత మాట తీసుకుంది. కాప్రాకు ఓడల సంగతి తెలిసినవాళ్లు ఎవరొస్తారు? తల్లి లచ్ఛా వేసుకునే కన్నుమూసింది. కుండలో ఉప్పు ఏ వానకో నీరైపోయింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా. గా ఓడ మునిగిందా?"

ఓడ పేరు ఆవిడకు తెలియదు, కాబట్టి నాకు ఏ ఆధారమూ లేదు. మునిగిందంటే అబద్ధం, తెలియదంటే ఆ కుర్చీలో మళ్లీ ఆమెను ఒంటరిగా వదిలేయడం. షాహీన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను చదివిన ఓడలన్నీ వరసగా కళ్లముందు కదిలాయి. వాటిలో సగం ఎక్కడ మునిగాయో చూసినవాళ్లే లేరు. మరి వాళ్ల ఇళ్లలో ఏం చేశారు? అప్పుడు తట్టింది.

"నానీ, మునగడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. కానీ ఓడలవాళ్లకు ఒక పద్ధతి ఉంది. బయల్దేరిన ఓడ ఏ రేవుకూ చేరకపోతే, దారిలో ఎవరికీ కనిపించకపోతే, కొన్నాళ్లు చూస్తారు. తరవాత ఆ ఓడ ఇక లేదని పెద్దలు ప్రకటిస్తారు. ఆ రోజు నుంచి అందులో ఉన్నవాళ్లంతా పోయినట్టే లెక్క. ఇళ్లకు కబురు పంపుతారు. అప్పుడే వాళ్లకు జరిపించాల్సినవి జరిపిస్తారు."

"ఎన్నాళ్లు సూస్తరు?"

"కొన్ని నెలలు."

నానీ చెరువు వైపు చూసింది. "మేము డెబ్బై ఏండ్లు దాటిచ్చి సూసినం" అంది.

ఆవిడ మళ్లీ అడిగింది, చాలా మెల్లగా. "తక్లీఫ్ అయిందా ఆయనకు? పోయెటప్పుడు బాధపడ్డడా?"

"అది నాకు తెలియదు నానీ" అన్నాను. ఆవిడ తల ఊపింది. తెలియదనడమే ఆవిడకు నచ్చినట్టుంది, నా చెయ్యి పట్టుకుంది.

"షాహీన్, జామకాయలు తే."

పోయినవాళ్లకు ఇష్టమైనది పెట్టి ఫాతెహా చదవడం వీళ్ల ఆనవాయితీ. ఉప్పు ఎందుకడిగిందో అప్పటికి గానీ నాకు వెలగలేదు. షాహీన్ జామకాయలు కోసి పళ్లెంలో పెట్టి, ఊదుబత్తి వెలిగించింది. ఇంట్లో మగవాళ్లు లేరు, నేనే చదువుతానంది నానీ. తల మీదికి కొంగు లాక్కుని, నేను తెచ్చిన ఉప్పు బొటనవేలితో ఒక్కొక్క ముక్క మీద అద్దింది. చదవడం అయ్యాక దువాకు చేతులు ఎత్తి పేర్లు మొదలుపెట్టింది. అత్త, మామ, మొగుడు, చిన్నప్పుడే పోయిన కొడుకు. వాళ్లలో పక్కింటి మల్లమ్మ కూడా ఉంది. తరవాత తల్లి పేరు. అక్కడ ఆగింది. షాహీన్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెరువు మీంచి గాలి వచ్చి ఊదుబత్తి పొగను లోపలికి తోసింది.

"యాకూబ్ అలీ" అంది నానీ. "నా అబ్బా, యాకూబ్ అలీ."

రెండుసార్లు చెప్పింది, పొరపాటున ఎవరైనా వినలేదేమోనని. షాహీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. నానీ ఏడవలేదు. మాకు తలా ఒక ముక్క పెట్టి, తనూ ఒకటి తింది. మిగిలిన ఉప్పు పట్టుకుని మెల్లగా గట్టు దాకా నడిచి, నీళ్లు కనిపించిన చోట చల్లింది. తిరిగొచ్చాక కుర్చీ వాకిట్లోకి మార్చి, సందు వైపు తిప్పమంది. "గటు సూసుడు అయిపాయె. ఇటు మనుషులు తిరుగుతున్నరు గద, ఇటు సూస్త."

మధ్యాహ్నం షాహీన్ వండిన ఖట్టీదాల్ అనే పుల్లటి పప్పు, అన్నం తిని, సాయంత్రం రైలుకు బయల్దేరాను. ఇన్నేళ్లూ మునిగిన ఓడ అంటే ఒడ్డున తుప్పుపట్టిన ఇనుమే అనుకుని ఊరూరా తిరిగాను. సముద్రం ఎన్నడూ చూడని ఇంట్లో ఒక ఓడ ఇంతకాలం మునగకుండా, తేలకుండా నిలబడి ఉంటుందని ఎప్పుడూ ఊహించలేదు. అది మెల్లగా నీళ్లలోకి దిగిపోవడం నేను పక్కనే కూర్చుని చూశాను. బాధ కలిగింది, హాయిగానూ ఉంది. రైలు కదిలాక సంచి అడుగున రాలిన ఉప్పు పలుకొకటి నాలుక మీద వేసుకుంటే, ఇల్లు చేరకముందే సముద్రం దగ్గరికి వచ్చినట్టనిపించింది.

వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. కాప్రా చెరువుకు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, ఎండ మెత్తబడుతుంది. గట్టు మీద మాత్రం అడుగు చూసి వేయండి. పక్క సందులో వాకిట్లో కుర్చీ వేసుకుని, దారినపోయేవాళ్లను చూస్తూ కూర్చున్న ఒక పెద్దావిడ కనిపిస్తే, సలాం చెప్పి వాళ్ల నాన్నగారి పేరేమిటని అడగండి. చెబుతుంది.