దూరమా?

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునే మనిషిని నేను. భయం వల్ల కాదు, విసుగు వల్ల. కార్ల్స్‌రూహెలో ఒక ప్రయోగశాలలో పరికరాల కొలతలు సరిచూడడం నా ఉద్యోగం. కొలతలో తేడా వస్తే ముందు పరికరాన్ని అనుమానిస్తాను, తర్వాత నన్ను నేను అనుమానించుకుంటాను. ఆ రెండూ అయ్యాక కూడా మిగిలిపోయిన తేడా ఒకటుంది. దాని గురించే రాస్తున్నాను.

మా అత్తయ్య ఏప్రిల్‌లో పోయారు. మామయ్య పోయిన దగ్గర్నుంచీ మాతోనే ఉన్నారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, పొద్దున్నే వంటింట్లో నాతో మాట్లాడిన పెద్దవాళ్ళంటూ ఉంటే అది అత్తయ్యే. ఆవిడ పోయాక పలకరింపు ఫోన్లన్నీ మా ఆయన మురళికి వచ్చాయి. తల్లిని పోగొట్టుకున్నది తను. నేను ఫోన్ ఎత్తి తనకి అందించేదాన్ని.

అత్తయ్యకి ఒక అలవాటు ఉండేది. వాళ్ళ గోదావరి వైపు చాలామందికి ఉన్నదే. బయలుదేరేవాళ్ళని "ఎక్కడికి?" అని అడగకూడదు, అశుభం. "దూరమా?" అని అడగాలి. వెళ్ళేవాళ్ళు "దగ్గరే, ఇప్పుడే వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళాలి. ఎవరైనా నోరుజారి ఎక్కడికి అని అడిగేస్తే వెనక్కొచ్చి కూర్చుని, ఓ గుక్క నీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయలుదేరాలి.

చెత్త సంచీ పట్టుకుని కిందికి దిగుతున్నా నన్ను దూరమా అనేవారు.

"చెత్త డబ్బా దాకా అత్తయ్యా. పాస్‌పోర్టు కూడా తీసుకెళ్తున్నా."

"వెటకారం తర్వాత. దూరమా కాదా, అది చెప్పు."

"దగ్గరే."

"ఆఁ. వెళ్ళిరా."

ఆవిడ పోయాక మురళికి నిద్ర పట్టడం మానేసింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా పని చెయ్యలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఇంకొకటి. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు తలుపు పిడి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగిపోయేవాడు. దేనికోసం ఆగుతున్నాడో నాకు తెలుసు. నేనే దూరమా అని అడుగుదామా అని చాలాసార్లు అనుకున్నాను. ఆ మాట నా నోటివెంట వస్తే తను తట్టుకోలేడని ఊరుకున్నాను.

"మీరిద్దరూ నాలుగు ఊళ్ళు చూసి రండి, నన్ను కాపలా కాసింది చాలు" అని అత్తయ్య ఎప్పుడూ పోరేవారు. సెప్టెంబరులో ఇద్దరికీ సెలవు దొరికింది. ఉల్మ్, రేగన్స్‌బుర్గ్, ప్రాగ్, వియన్నా, తిరుగు దారిలో పస్సావ్. అంతా రైల్లోనే. ఊరు మారితే తనకి నిద్ర పడుతుందేమోనని నా ఆశ.

బయలుదేరిన రోజు పొద్దున్న మెట్ల దగ్గర కింది ఇంటి సందీప్ ఎదురయ్యాడు. కరీంనగర్ అబ్బాయి, ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు.

"నమస్తే అన్నా! పెట్టెలు గిట్ల సదురుకొని ఎటు పోతున్రు? ఉర్లాబ్ దొరికిందా?"

ఉర్లాబ్ అంటే ఇక్కడ సెలవు. "దొరికింది తమ్ముడూ" అన్నాడు మురళి. సందీప్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మురళి మాత్రం కదల్లేదు.

"ఎటు అన్నాడు. పైకెళ్ళి రెండు నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగి వద్దాం."

"ట్రామ్ వచ్చేస్తోంది మురళీ. రైల్లో తాగుదువుగాని."

వచ్చాడు. రైల్లో నీళ్ళు తాగాడు కూడా. కానీ కూర్చుని, తాగి, మళ్ళీ బయలుదేరితేనే లెక్కట. ఉల్మ్‌లో దిగేసరికి వాన. "ఆ నీళ్ళు తాగి రావాల్సింది" అన్నాడు. హోటల్లో గది ఇంకా సిద్ధం కాలేదన్నారు. "చూశావా, నీళ్ళు" అన్నాడు. సగం హాస్యం. మిగతా సగం కాదని నాకు తెలుసు.

ఉల్మ్‌లో పెద్ద చర్చి చూశాం. దాని శిఖరం ఎక్కడానికి టికెట్టు కొనాలి. అద్దం వెనక కూర్చున్న ఆవిడ తల ఎత్తకుండానే మమ్మల్ని ఒక మాట అడిగింది. మురళి చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. ముఖం తెల్లబోయింది.

"విన్నావా?" అన్నాడు నాతో.

నేనూ విన్నాను. "టుర్మ్, యా?" అని అడిగింది. శిఖరానికేనా అని. జర్మన్లు ఆ 'ర్' సగం మింగేస్తారు. అద్దం వెనకనుంచి, తల వంచుకుని అంటే అది అచ్చంగా "దూరమా" లాగే ఉంది. ఆ మాటే తనకి చెప్పాను. అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూస్తున్నా ఆపలేకపోయాడు. ఏప్రిల్ తర్వాత తను నవ్వడం అదే మొదలు. సగం దాకా ఎక్కి, మోకాళ్ళు నొప్పి పుట్టి దిగొచ్చేశాం.

ఆ తర్వాత అది మా మధ్య ఆటలా తయారైంది. రేగన్స్‌బుర్గ్‌లో వంతెన దాటుతుంటే "టుర్మ్, యా?" అనేవాడు. "నిష్ట్ వైట్" అనేదాన్ని. దూరం కాదు అని.

ప్రాగ్‌లో ఆ ఆట ఆగిపోయింది. ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాం. బయట జనం, ఫొటోలు. కప్పు సాసర్లో గుండ్రంగా తిప్పుతూ అన్నాడు:

"అమ్మ నన్ను పుట్టిన దగ్గర్నుంచీ దూరమా అని అడిగింది. బడికెళ్తుంటే అడిగింది, జర్మనీ వస్తుంటే ఎయిర్‌పోర్టులో అడిగింది. తను బయలుదేరినప్పుడు మాత్రం అడిగే దిక్కు లేదు."

అత్తయ్య ఆసుపత్రిలో పోయిన మధ్యాహ్నం తను బట్టలు తేవడానికి ఇంటికి వచ్చాడు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఎవరి తప్పూ లేదు. డాక్టర్లకి కూడా అప్పుడే అవుతుందని తెలీదు.

"నర్సు ఉందిగా దగ్గర" అన్నాను.

"నర్సుకి దూరమా అనడం వచ్చా?"

బిల్లు తెమ్మన్నాను.

వియన్నాలో రెండు రోజులూ ముభావంగానే గడిచాయి. చూడాల్సినవి చూశాం. రాత్రి తను పక్క మీద అటూ ఇటూ కదలడం వింటూ పడుకున్నాను. ఈ ప్రయాణం వృథా అని నాకు అర్థమైపోయింది.

పస్సావ్ చివరి ఊరు. అక్కడ మూడు నదులు కలుస్తాయి. డాన్యూబ్, ఇన్, ఇల్జ్. మూడు నీళ్ళూ మూడు రంగుల్లో కొంత దూరం విడివిడిగానే పోతాయి. పెట్టెలు స్టేషన్ లాకర్లో పెట్టి, నదులు కలిసే కొస దాకా నడిచాం. మధ్యాహ్నం, మంచి ఎండ. చెట్ల కింద బెంచీలు. ఒక బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంటే, అడిగి ఆవిడ పక్కనే కూర్చున్నాం.

ఆవిడ ఎలా ఉందో చెప్పాలి. మా అత్తయ్య పోలిక ఒక్కటి కూడా లేదు. పొడగరి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, లేతరంగు కోటు, పక్కన గుడ్డ సంచీ. ఇలాంటి ముసలావిడలు ఈ దేశంలో ప్రతి బస్టాపులోనూ కనిపిస్తారు. మేం కూర్చున్నంతసేపూ నీళ్ళకేసే చూస్తోంది. మేమూ అంతే. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

కాసేపటికి సంచీ భుజానికి తగిలించుకుని, బెంచీ పట్టుకుని మెల్లిగా లేచింది.

మురళి నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండానే, మెల్లిగా అన్నాడు. "దూరమా అమ్మా?"

ఆవిడని అడగాలని అడిగింది కాదనుకుంటాను. ఎవరో లేచి వెళ్తున్న అలికిడి వినబడింది, నోట్లోంచి మాట వచ్చేసింది, అంతే.

ముసలావిడ ఆగింది. మురళి వైపు తిరిగింది.

"నైన్, నైన్. నిష్ట్ వైట్" అంది. లేదు లేదు, దూరం కాదు అని.

రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. జర్మన్‌లోనే, స్పష్టంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఇంకో మాట చెప్పింది. "ఆ నీళ్ళు నువ్వు ఇంకా తాగలేదు, బూబ్." బూబ్ అంటే అబ్బాయి.

తర్వాత వెళ్ళిపోయింది. ఇలాంటి కథల్లో మనుషులు మాయమైపోతారు. ఆవిడ మాయం కాలేదు. ఊరి వైపు దారిలో నెమ్మదిగా నడిచి, ఇళ్ళ మధ్యకి తిరిగి, అందరిలాగే కనుమరుగైంది.

నీళ్ళ సీసా నా సంచీలో, జిప్పు వేసి ఉంది. తీసి మురళికి ఇచ్చాను. తను తాగి నాకిచ్చాడు. నేనూ తాగాను.

సీసా మూత పెడుతూ అడిగాను. "ఆవిడ ఏమంది?"

"విన్నావుగా. దగ్గరే బాబూ, అంది. ఆ నీళ్ళు ఇంకా తాగలేదు నువ్వు, అంది."

"ఏ భాషలో?"

"ఏ భాషలో ఏమిటి?" అన్నాడు. నాకు మతి పోయిందా అన్నట్టు చూశాడు.

నేను విన్నది జర్మన్ అని చెప్పాను. తను వాదించలేదు. "సరే, జర్మనే అనుకో. నీళ్ళ సంగతి ఆవిడకెవరు చెప్పారు?" అన్నాడు.

కాసేపటికి లేచాం. స్టేషన్ వైపు నడుస్తూ, "అడిగాను. చెప్పి వెళ్ళింది" అన్నాడు. నాతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో తెలీదు. రైలు కదిలిన కాసేపటికి నిద్రపోయాడు. టికెట్టు చూసేవాళ్ళు వచ్చినా లేవలేదు. తన టికెట్టు కూడా నేనే చూపించాను.

తను నిద్రపోతున్నంతసేపూ నేను లెక్కలు వేశాను. ఇన్ నది ఒడ్డున ఒక పాత గుండ్రటి బురుజు ఉంది. దాన్నీ టుర్మ్ అనే అంటారు. మురళి మాట ఆవిడకి "టుర్మ్, యా?" అని వినబడి ఉంటుంది, ఆ బురుజు దూరం కాదు అని చెప్పి ఉంటుంది. ఉల్మ్‌లో జరిగిన పొరపాటే తిరగబడింది. ఇంతవరకు సరిపోయింది. బూబ్ అన్నది తనకి బాబూ అని వినబడింది. అత్తయ్య తనని బాబూ అనే పిలిచేవారు. అదీ సరిపోయింది. తల నెరిసిన మనిషిని అబ్బాయి అనడం, నువ్వు అనడం వింతే గానీ, ముసలివాళ్ళకి చెల్లుతుంది.

నీళ్ళ మాట ఒక్కటే లెక్కకి అందకుండా మిగిలింది. ఎండగా ఉంది, నీళ్ళు తాగు అంటే ఎవరైనా అనొచ్చు. "ఆ నీళ్ళు" అంది. "ఇంకా తాగలేదు" అంది. ఈ రెండు మాటలూ జర్మన్‌లో పొరబడేంత చిన్నవి కావు, నాకు ఆ భాష బాగానే వచ్చు. ఆంధ్రలో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చిన నర్సులు జర్మనీలో ఉంటారని విన్నాను. ఆవిడ అలాంటి మనిషే అయి, మా తెలుగు విందా? ఆ బెంచీ మీద మేం నీళ్ళ మాట ఎత్తలేదు. అసలేమీ మాట్లాడలేదు. ప్రాగ్ తర్వాత ఆ హాస్యమే మానేశాం. మెట్ల దగ్గర జరిగింది సందీప్‌కి కూడా తెలీదు. అప్పటికే వెళ్ళిపోయాడు.

మురళి ఇప్పుడు మాత్రల్లేకుండా నిద్రపోతున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగడం లేదు. నేను బూట్లు వేసుకుంటుంటే లోపల్నుంచి తనే అడుగుతున్నాడు, దూరమా అని. అత్తయ్యతో ఆడినట్టు వెటకారాలు ఆడను. దగ్గరే అని చెప్పి వెళ్తాను.

ఇందులో నాకు ఒక చిన్న కష్టం ఉంది. ఆ రోజు ముసలావిడ నావైపు చూడలేదు. నేనూ అదే బెంచీ మీద ఉన్నాను. అడిగి ఉంటే నాకూ ఏదో ఒకటి చెప్పేదేమో. ఆ ధైర్యం నాకు రాలేదు. అమ్మనా, అత్తయ్యనా, ఎవరినని అడగాలో కూడా తెలీలేదు.

ఇప్పటికీ దయ్యాలని నమ్మను. ఆ మధ్యాహ్నానికి మాత్రం నా దగ్గర వివరణ లేదు. దూరం కాదు, అందావిడ. నా చెవులతో విన్నాను. ఎంత దగ్గరో చెప్పలేదు.