మా వదిన మీద దొంగ ముద్ర

మా వదిన పోయిందని మా పేట తాల్‌బగీచా అంతటికీ మొదట చాటింది మా పాత ఫోను ఆట టీము కెప్టెన్. జ్వరమని చేర్పించిన ఆసుపత్రి నుంచి మేమింకా ఆమెను ఇంటికి తీసుకురానే లేదు, వాడు ఫోన్లో స్టేటస్ పెట్టేశాడు: "మా మహారాణి ఇక లేదు." కింద వరసగా ఏడుపు బొమ్మలు. ఆ మహారాణిని మొన్న వేసవిలో టీములోంచి గెంటేసింది ఈ పెద్దమనిషే.

ఐదుగురేసి జట్లుగా ఫోన్లో కొట్టుకునే ఆట అది. వదిన ఎప్పుడూ మంత్రగత్తె పాత్రే తీసుకునేది. ఆ పాత్రకు ఒంట్లో బలం ఉండదు, రెండు దెబ్బలకే పోతుంది. ఉన్నదల్లా మంత్రాలు. అవి ఒకసారి వాడేస్తే మళ్లీ వచ్చేదాకా వట్టి చేతులే. అందుకని వదిన పొదలో నక్కి ఉండేది. నేను ముందు నిలబడి దెబ్బలు తింటూ "వదినా, రా!" అని అరిచినా కదిలేది కాదు. అవతలి జట్టులో మమ్మల్ని పీడించే బక్క విలుకాడు ఒక్క అడుగు ముందుకేశాడా, మంత్రాలన్నీ వాడి నెత్తినే. రెప్పపాటులో వాడు పోయేవాడు, వదిన మళ్లీ పొదలోకి. ఆగడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే.

"తలో ముద్దా పెట్టడానికి ఇది పెళ్లి బోజనమేట్రా? ఒకడికే అంతా పెట్టాల," అనేది.

కెప్టెన్‌కి అదే మంట. "మేం కొట్టి కొట్టి సగం సంపితే, ఆఖర్న వచ్చి నీ పేరున రాయించుకుంటావేటి దీదీ? కిల్లు దొంగవి నువ్వు," అన్నాడు.

"ఆడు సచ్చినాడా నేదా, అది సెప్పు. ఎవుడి పేరైతే ఏటి?" అంది వదిన.

వాడు అప్పటికప్పుడే గ్రూపులోంచి ఆమెను తీసేశాడు. ఆ రోజే నేనూ బయటికొచ్చేశాను. ఆమె బదులు ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని చదువుకునే ఒకణ్ణి పెట్టుకున్నారు. కొట్లాట మొదలైతే చాలు, ఆ వీరుడు ఎదురుగా కనబడ్డ లావుపాటి కవచధారి మీద మంత్రాలన్నీ కుమ్మరించేవాడు. అవతలివాడికి గీటైనా పడేది కాదు. వీడు వట్టి చేతులతో దిక్కులు చూస్తూ చచ్చేవాడు. పోటీలో మొదటి రౌండుకే ఇంటికొచ్చారు. ఆ సంగతి చెబితే వదిన నవ్వుతుందనుకున్నాను. "దొంగన్నాడురా నన్ను," అంది, అంతే.

వదిన జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థన కూడికకు కెప్టెన్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు, ఆవిడ తమకు తల్లిలాంటిదట. అంత సేపు సిగ్గు లేకుండా ఎలా నిలబడ్డాడో! టీలు ఇస్తుంటే అసలు సంగతి బయటపడింది. మా అన్నయ్య పక్కన చేరి, "దాదా, ఆటలో దీదీ ఐడీ ఊరికే పాడైపోద్ది. ఎంత పెద్ద ర్యాంకో! పాస్‌వర్డ్ ఇస్తే మేం ఆడుకుంటాం," అన్నాడు.

అన్నయ్య రైల్వే వర్క్‌షాపు మనిషి, ఆ ఆట ముట్టుకుని ఎరగడు. "బతికున్నప్పుడు దొంగన్నావు. సచ్చినాక దాని సొత్తు కావాలేటి నీకు? టీ తాగీసి ఎల్లు," అన్నాడు.

ఇప్పుడు రోజూ డ్యూటీ దిగి వచ్చాక వదిన ఫోను తీస్తున్నాడు. శత్రువులెవరూ రాని సాధన మైదానంలో ఆమె మంత్రగత్తెను నిలబెట్టి చూస్తూ కూర్చుంటాడు. నిన్న, "ఓ మంత్రం నొక్కు అన్నయ్యా, ఏం కాదు," అన్నాను.

"ఒద్దురా. వాడితే అయిపోతాయి గందా," అని బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. తెర మీద మంత్రగత్తె అంగీ గాలికి ఊగుతూనే ఉంది.