మెడకు ఎడమవైపు గాటు

మా పిన్నికి అసహ్యమంటే ఏమిటో తెలియదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాక, ఊరి చివర రేకుల షెడ్డు వేసి, జనం వదిలేసిన గుర్రాలను సాకుతోంది. చీము తుడిచిన చేతిని నీళ్ళలో ఇలా ముంచి అలా తీసి నాకు టీ అందిస్తుంది. "ఇప్పుడే తాగొచ్చాను పిన్నీ" అని ఎన్నిసార్లు అబద్ధమాడానో.

కిందటి నెల వచ్చిన ఎర్రగుర్రాన్ని మాత్రం కన్నెత్తి చూడలేకపోయాను. వట్టి ఎముకల గూడు. గుర్తింపు చిప్పును గుర్రం మెడకు ఎడమవైపు, జూలు కింద వేస్తారు. బియ్యపు గింజంత ఉంటుంది. దగ్గర యంత్రం పెడితే నంబరొస్తుంది, నంబరును బట్టి యజమాని తెలుస్తాడు. దీనికి సరిగ్గా అక్కడే పుండు, పుండు నిండా పురుగులు.

"చిప్పు కోసి తీసేశారే," అంది పిన్ని, పురుగులను ఏరుతూ. "ఎవడో తెలిస్తే కోర్టుకీడుస్తాను."

పుండు మానింది. భయం మానలేదు. మనిషి అలికిడైతే చాలు, మూలకు ఒదిగిపోయేది.

కొత్త చిప్పు వేసే రోజున స్వారీ క్లబ్బు అధ్యక్షుడు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. జంతువులంటే ప్రాణమని ఆయనకు పేరు. పిన్ని చెయ్యి పట్టుకుని ఊపి, "ఇలా కోసినవాళ్ళు మనుషులేనా అండీ?" అన్నాడు.

ఆ గొంతు వినగానే గుర్రం చెవులు నిక్కించింది. నా చేతిలోని తాడు లాక్కుని తిన్నగా ఆయన దగ్గరికెళ్ళి కోటు జేబులో మూతి దూర్చింది. చక్కెర బిళ్ళ ఒకటి కిందపడింది. అది తినేసి మళ్ళీ అదే జేబు వెతికింది.

ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

"ఎవరిదో పాపం," అన్నాడు అధ్యక్షుడు, దాని మూతిని మోచేత్తో నెడుతూ. మీటింగుందని కారెక్కాడు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారే, అదే ఈ పెద్దమనిషి. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. గుర్రమేమో గేటు దాకా వెళ్ళి, కారు పోయిన వైపే చూస్తూ నిలబడింది.

"కేసు పెడదామా పిన్నీ?"

"ఏమని పెడతావే? జేబులో చక్కెర ఉందనా?"

పిన్ని అక్కడే దాని మెడ నిమిరి, పాత గాటుకు కాస్త పైన సూది గుచ్చి చిప్పు వేసింది. యజమాని పేరు దగ్గర తన పేరు రాయమంది. యంత్రం కుయ్యిమంది. గుర్రం ఇంకా రోడ్డు వైపే చూస్తోంది.

పిన్ని కుళాయి తిప్పింది. కుడిచేతికి సబ్బు రాసి రుద్దింది, కడిగింది, మళ్ళీ రాసింది.

"నెత్తురంటిందా పిన్నీ?"

"లేదే. వాడు పట్టుకున్న చెయ్యి ఇది."