కలిసి తినని కుటుంబం

ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తింటే పిల్లలు దారి తప్పరని పరిశోధనలో రుజువైందట. ఈ ముక్క చెప్పడానికి రాజమండ్రిలో మాకు ఏసీ హాల్లో శిక్షణ, గోడ మీద బొమ్మలు, మధ్యలో సమోసాలు. మా అమ్మమ్మ ఇదే మాట తిట్టి మరీ చెప్పేది, సమోసా ఖర్చు కూడా లేకుండా.

పిల్లల సంరక్షణ కోసం ఇళ్ళ చుట్టూ తిరిగే ఉద్యోగం నాది. రాజోలు అవతల ఒక రొయ్యల చెరువు కాపలాదారు కూతురు, పదిహేనేళ్ళ పిల్ల, బడి మానేసి రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తూ దొరికింది. పిల్లను ఇంట్లో ఉంచాలా, ప్రభుత్వ హోమ్‌కి పంపాలా అన్నది, ఇంటిల్లిపాదీ కలిసి తింటారో లేదో చూసే ఈ కొత్త పద్ధతే తేల్చాలి. బుద్ధిగా బడికి వెళతానంది పిల్ల. “హోమ్‌కి మాత్రం పంపకండి మేడమ్‌గారూ, అమ్మని వదిలి ఉండలేనండి,” అని నా చెయ్యి పట్టుకుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు భోంచేస్తుంటే చూసి మార్కులు వెయ్యడానికి పై ఆఫీసు నుంచి ఒక పరిశీలకుడు దిగాడు. ఆయన వస్తున్నాడని తండ్రి పొద్దున్నే మలికిపురం వెళ్ళి పండుగప్ప చేప తెచ్చాడు.

“మీరు తినండి, నేను చూస్తాను,” అన్నాడాయన.

“అయ్యయ్యో, ఎంత మాటండీ! మీరు తినకుండా మాకు ముద్ద దిగుద్దా అండీ?” అని తల్లి పీట వేసింది.

రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారికి పులుసు వాసన తగిలింది కాబోలు, కూర్చున్నాడు. తల్లి వడ్డిస్తోంది. కరెంటు లేదు, తండ్రి విసనకర్రతో విసురుతున్నాడు. పిల్ల మంచినీళ్ళ చెంబుతో నిలబడింది. పద్ధతి ప్రకారం అడగాలి కదా, “నీ మనసులో మాట మీ నాన్నతో చెప్పమ్మా,” అన్నాడు ముల్లు తీసుకుంటూ.

“ఇంకొంచెం పులుసు వేసుకోండి సార్,” అంది పిల్ల.

ఆయన త్రేన్చి వీధిలోకి వచ్చాక పట్టుకున్నాను. “కాసేపు అరుగు మీద కూర్చోండి సార్. ఇప్పుడు ముగ్గురూ కలిసి తింటారు, చూద్దురు గాని.”

“పరిశీలన సమయం అయిపోయిందండీ. తర్వాత జరిగేది లెక్కలోకి రాదు.”

“మీకు వడ్డిస్తూ వాళ్ళెలా తింటారండీ?”

“నేనెక్కడా జోక్యం చేసుకోలేదే! నా మానాన నేను తిన్నాను,” అన్నాడు. సిగ్గైనా లేదు మహానుభావుడికి.

లోపలికి వెళ్ళేసరికి ముగ్గురూ గిన్నె చుట్టూ కూర్చున్నారు. తోక ముక్క ఒక్కటే మిగిలింది. తండ్రి దాన్ని కూతురి కంచంలో వేస్తే, కూతురు తల్లి కంచంలో వేసింది. కోపంతో నాకు ఏడుపొచ్చింది. చూసిందంతా రాసి పై ఆఫీసుకి పంపాను. పట్టించుకున్న నాథుడు లేడు.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. ఈ కుటుంబానికి కలిసి భోంచేసే అలవాటు లేదట, పిల్లను హోమ్‌కి తరలించాలట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను. ఈయన వాళ్ళు తినని ముద్దలు కూడా లెక్కపెట్టాడు.

పిల్లను జీపెక్కించాక తల్లి నన్ను పక్కకి పిలిచింది.

“ఆవేళ పులుసులో ఉప్పేమన్నా తగ్గిందా అండీ? ఒక్క మాట చెప్పుంటే ఇంకో కూర చేసేదాన్ని కదండీ,” అంది.