దీవి గేటు

ఆఫీసులో అందరూ ఆమెను ధరలమ్మ అంటారు. ఎదురుగా అనరు, కానీ ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని వాళ్ళకీ తెలుసు. ఐదుగురేసి జట్టుకట్టి ఇంటర్నెట్‌లో ఆడుకునే ఆట ఒకదాన్ని తయారుచేసే చిన్న కంపెనీ అది. ఆట ఉచితమే. ఆ తర్వాత డౌన్‌లోడ్ చేసుకునే కత్తులూ డాళ్ళూ, కొత్త కొత్త ఊళ్ళూ మాత్రం డబ్బుకే. దేనికెంతో తేల్చేది ఈవిడ. మా అమ్మాయిది గాలికి ధర కట్టే ఉద్యోగమని వాళ్ళమ్మ ఇప్పటికీ చుట్టాలతో చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. చక్కెరకైతే తూకం ఉంది, గుడ్డకైతే కొలత ఉంది, తెరమీది కత్తికి ఏముంది?

దానికి ధరలమ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త సరుకు ఏది తయారైనా, ధర పెట్టే ముందు ఆమె అది లేకుండా ఆడేది. అది ఉన్నవాళ్ళు ఎదురు నిలబడాలి. బొమ్మలు గీసేవాళ్ళనీ, పనుందని మొత్తుకుంటున్న అకౌంటెంటునీ పట్టుకొచ్చి కూర్చోబెట్టి, వాళ్ళ చేతికి కొత్త కత్తులిచ్చి, తాను పాత కర్ర పట్టుకుని మీదికి వెళ్ళేది. ఆ కత్తి వల్లే తాను చిత్తుగా ఓడిపోయిందా, ఇక అది అమ్మకానికి పనికిరాదు. మళ్ళీ చేసుకు రావాల్సిందే. "డబ్బు పెట్టినవాడు అందంగా కనబడొచ్చు, గెలుపు మాత్రం కొనుక్కోకూడదు" అనేది. యజమాని తల పట్టుకునేవాడు. పట్టుకున్నా ఊరుకునేవాడు, ఎందుకంటే జనం ఆ ఆటను వదలకుండా ఉన్నది ఆ న్యాయం చూసే.

ఇంట్లో ఆ ఆట ఆడేది మామగారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చున్నందుకు చెవులు పోయాయి. మిషను పెట్టుకుంటే అన్నీ కలిసి ఒకటే గోల అని డ్రాయరులో పడేశారు. ఒక్కరే ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకుంటారు. ఇంటికి నలుగురొస్తే, నలుగురూ నవ్వాక తానూ నవ్వుతారు, దేనికి నవ్వారో తెలియకపోయినా. ఈ ఆటలో మాటలుండవు, జెండాలే. ఎర్రది ఊపితే ఆగమని, పచ్చది ఊపితే రమ్మని. అక్కడ ఆయన అందరితో సమానం. కాదు, అందరికంటే ఒక మెట్టు పైనే. జట్టులో మిగతా నలుగురి అసలు పేర్లు ఆయనకు తెలియవు. ఒకరు తాబేలు, ఒకరు చిరుగాలి, ఇంకో ఇద్దరివి నోరు తిరగని పేర్లు. ఈయన డ్రైవర్ మామ. జెండా పట్టుకుని ముందు నడిచేది ఈయనే. ఈయనకు వినబడదని ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు.

ఆటలో కొత్త దీవిని అమ్మకానికి పెట్టిన రోజు మధ్యాహ్నం దాకా ఆఫీసులో అందరూ హుషారుగానే ఉన్నారు. దీవి బాగా అమ్ముడుపోతోంది. యజమాని ఎవరితోనో ఫోనులో గట్టిగా నవ్వుతున్నాడు. సర్వర్లు చూసే అమ్మాయి ఒక్కతే నవ్వకుండా వచ్చి ధరలమ్మ కుర్చీ పక్కన నిలబడింది.

"అక్కా, ఒకసారి ఇటొచ్చి చూస్తావా? పాత ఊళ్ళల్లో జట్లు విడిపోతున్నాయి. దీవి కొన్నవాళ్ళు లోపలికెళ్ళిపోయారు. కొననివాళ్ళు గేటు దగ్గరే నిలబడిపోయారు."

"గేటేంటి? మనం ఆడినప్పుడు గేటు లేదుగా."

"మన ఆఫీసు అకౌంట్లకి అన్ని గేట్లూ తెరిచే ఉంటాయక్కా. మనకి కనబడదు."

ధరలమ్మ చేతిలో కత్తి తీసేసి ఆడింది, ఒంటిమీది కవచం తీసేసి ఆడింది, దీవిలో దొరికే ప్రతి వస్తువునూ వదిలేసి ఆడింది. కానీ దీవిలోపలే నిలబడి ఆడింది. అసలు లోపలికే రాలేనివాడి సంగతి ఆమెకు తట్టలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"పైగా ఇవాళ ఐదింటికి కొత్త సీజను పోటీలు మొదలు" అంది ఆ అమ్మాయి. "ఖాళీగా ఉన్న సీట్లలో ఆటే ఎవరో ఒకర్ని కూర్చోబెట్టేస్తుంది. ఇక సీజను అయ్యేదాకా జట్టు మారదు."

గేటు దగ్గర ఆగినవాళ్ళ పేర్లు తెరమీద కదులుతున్నాయి. ఎంత కిందికి జరిపినా అయిపోవడం లేదు. అందులో డ్రైవర్ మామ కనబడగానే ధరలమ్మ ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి నడిచింది. ఎత్తింది అత్తగారు.

"ఆయనా? భోజనం ఎప్పుడు చేశారో కూడా తెలీదు, దాని ముందే కూర్చున్నారు. ఆ నలుగురూ గేటవతల నిలబడి పచ్చ జెండా ఊపుతున్నారట. ఈయన కదల్లేకపోతున్నారు."

"కొనుక్కోమని చెప్పండి అత్తయ్యా. పెద్ద ధరేం కాదు. పోనీ నేనే కొనిపెడతాను."

"చెప్పకుండా ఉంటానా? కాగితమ్మీద రాసి మరీ చూపించాను. నా వాళ్ళ పక్కన నిలబడ్డానికి నేను డబ్బు కట్టడమేంటన్నారు. ఆయన మొండితనం నీకు తెలిసిందే కదమ్మా."

ధరలమ్మ సరేనని ఫోను పెట్టేసి, యజమాని గదిలోకి తలుపు కూడా తట్టకుండా వెళ్ళింది.

"అన్నా, దీవి గేటు తీసేద్దాం. జట్టులో ఒక్కరు కొన్నా ఐదుగురూ లోపలికి రావాలి. ఐదింటిలోపే."

యజమాని ఫోను పక్కన పెట్టాడు. "ఏడాది కష్టం అమ్మా అది. ఒకడు కొని నలుగురు ఊరికే తిరిగితే జీతాలెక్కణ్ణించి తెస్తాను? ఆ ధర పెట్టింది నువ్వే కదా. అప్పుడు లేని న్యాయం ఇప్పుడెక్కడ ఊడిపడింది?"

"తప్పు నాదే. గేటు నాకు కనబడలేదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "మీ మామగారు ఈ ఆట ఆడతారు కదూ. ఆయన కోసమా ఇదంతా?"

కాదని చెప్పడం తేలికే. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. "ఆయన కోసమే" అంది ధరలమ్మ. "ఆయన గేటు దగ్గర లేకపోతే నేను ఇంత తొందరపడేదాన్ని కాదేమో, అదీ ఒప్పుకుంటాను. కానీ అక్కడున్నది ఆయనొక్కరే కాదన్నా. బయటికొచ్చి ఆ తెర చూడండి. వాళ్ళంతా రేపు ఆట వదిలేస్తే దీవి ఎవరికి అమ్ముతారు?"

యజమాని వచ్చి చూశాడు. చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. గోడమీది గడియారం నాలుగు దాటింది. ధరలమ్మకు అతని చెయ్యి పట్టుకుని గుంజాలనిపించింది.

"సరే. కానీ కొన్నవాళ్ళు మేమేం పిచ్చివాళ్ళమా అంటారు. వాళ్ళకేదో ఒక తేడా చూపించాలి" అన్నాడు చివరికి. "ఊరికే వచ్చినవాళ్ళ పేరు పక్కన అతిథి అని పెట్టండి. కొన్నవాడికి అదో తృప్తి. సరేనా?"

ఒక్క మాట. దానికి ఖర్చు లేదు, దానివల్ల గెలుపోటములు మారవు. ప్రతి సరుకునూ పదిసార్లు తిప్పి చూసే మనిషి ఆ మాటను ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. "సరే, ఏదో ఒకటి, పెట్టేద్దాం" అంది.

తర్వాతి గంట ఎలా గడిచిందో ఆ గదిలో ఎవరిని అడిగినా సరిగ్గా చెప్పలేరు. మొదటిసారి మార్పు పంపితే సర్వరు తిప్పికొట్టింది. రెండోసారి గేటు తెరుచుకుంది గానీ కొన్నవాళ్ళు బయటికొచ్చి పడ్డారు. యజమాని ఏదో అనబోతే ధరలమ్మ చెయ్యెత్తి ఆపింది, అతను ఆగిపోయాడు. సర్వర్ల అమ్మాయి పెదవి కొరుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. ఐదు కావడానికి కాస్త ముందు, గేటు దగ్గరి పేర్లు గుంపులు గుంపులుగా మాయమవడం మొదలైంది. ధరలమ్మ ఒక్క పేరే చూస్తోంది. అది అలాగే ఉంది. ఇంకా ఉంది. అంతలో పోయింది. దీవిలో, తాబేలు పక్కన తేలింది. ఆమె ముఖం కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో ఆట నడుస్తూనే ఉంది. అత్తగారు కళ్ళతోనే లోపలికి చూపించారు. ధరలమ్మ చెప్పులు విడిచి చప్పుడు లేకుండా వెళ్ళి మామగారి కుర్చీ వెనక నిలబడింది. అందమైన దీవి. తాబేలు ఎటో పోతున్నాడు, చిరుగాలి ఇంకెటో పోతోంది, మిగతా ఇద్దరూ రాళ్ళ మధ్య గిరగిరా తిరుగుతున్నారు. దారి చూపేవాడు లేక చేతికందిన ఆట చేజారిపోతోంది. డ్రైవర్ మామ అందరికంటే వెనక, జెండా చుట్టేసి నడుస్తున్నాడు. నలుగురూ వెనక్కి తిరిగి పచ్చ జెండాలు ఊపారు, ముందుకు రమ్మని. ఆయన రాలేదు.

ఆట ఓడిపోయాక ఆయన తలతిప్పి కోడల్ని చూసి నవ్వారు. ధరలమ్మ ఆయనకెదురుగా వచ్చి కూర్చుంది.

"ముందు నడవలేదేం మామయ్యా?"

ఆయన చూపుడువేలు తెరమీద, తన పేరు పక్కన ఆనించారు. "అతిథిని కదమ్మా. ఇంటివాళ్ళుండగా అతిథి ముందు నడిస్తే ఏం బావుంటుంది?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది ధరలమ్మకు. ఉంటే సంజాయిషీ చెప్పుకోవచ్చు. యజమాని మాట చెప్పొచ్చు, గడియారం మాట చెప్పొచ్చు. ఆ మాట ఎవరు పెట్టారని కూడా ఆయన అడగలేదు.

"నేనే పెట్టాను మామయ్యా" అంది ధరలమ్మ, ఆయనకు అర్థమయ్యేలా పెదవులు పూర్తిగా కదిలిస్తూ, మెల్లగా.

ఆయనకు అర్థమైంది. కళ్ళలోనే తెలిసిపోయింది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా, వినబళ్ళేదు" అన్నారు.