గొల్లకావడి కింద మచ్చ

అక్క పోయిందని చెప్పడానికి తిరుపతి నుంచి వచ్చిన మనిషిని నేను కూర్చోమని కూడా అనలేదు. ఆయన మా బావగారి ఫోటో స్టూడియో పక్కన పూలు అమ్ముకునే ఆయన. చిత్తూరులో బస్సు దిగి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు. "అమ్మ పోయిందమ్మా. పొద్దున్నే కల్లాపి సల్లతా సల్లతా ఆడనే కూలబడిపోయింది. సగం వాకిలి తడిసింది, సగం తడవనే లేదు" అన్నాడు. నేను లోపలికి పోయాను, బయటికి వచ్చాను, మళ్ళీ లోపలికి పోయాను. అంత దూరం వచ్చిన మనిషికి గుక్కెడు మంచినీళ్ళయినా ఇవ్వాలని ఆయన వీధి మలుపు తిరిగాక గాని తోచలేదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. అప్పట్లో అందరం కలిసి ఉన్న తిరుపతి ఇంటికి కాపురానికి వచ్చిన రోజు నుంచి అక్కా అనే పిలిచాను. కర్మ అయిపోయి ఇంటికి వచ్చి కూడా నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని ఎన్నిమాట్లు లేచానో! లేచి చేసేదేమీ లేదు. పొయ్యిలో కట్టె ఎగదోసి వస్తాను, అంతే. ఆమె జబ్బు నాకు అంటుకున్నట్టుంది.

అవును, ఆమెది అట్లాంటి ఒళ్ళే. అన్నం తింటూ మధ్యలో లేచేది. జడ వేయించుకుంటూ లేచిపోయేది. సగం అల్లిన జడ నా చేతిలోంచి జారిపోయేది. మా అత్త ఆమెకు కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టింది. "కాలు నిలవనిదాని ఇంట్లో లచ్చిమి యాడ నిలస్తాది?" అని వినపడేట్టే అనేది. అక్క చీపురు ఆపకుండానే, "ఊరికే కూసుంటే ఒళ్ళు తుప్పు పడతాదత్తా" అని జవాబిచ్చేది.

అంతటి మనిషీ ఒక్క పని దగ్గర మాత్రం కదిలేది కాదు. అది టచింగ్ పని. స్టూడియోలో బొమ్మ పడేది గాజు ప్లేటు మీద. ప్లేటు మీద అంతా తలకిందులు, నలుపు తెలుపుగా ఉంటుంది, తెలుపు నలుపుగా ఉంటుంది. మొహం మీద అమ్మవారి మచ్చలుంటే సన్నటి పెన్సిలుతో పూడ్చాలి. అక్కర్లేని నల్ల మరక ఉంటే చాకు మొనతో గీకాలి. బావగారు ఫోటోలు తీస్తే అక్క మచ్చలు తీసేది. కొండ దిగి గుండ్లతో వచ్చిన సంసారాలన్నీ ఆమె చేతిలో నున్నబడి ఇళ్ళకు పోయేవి. కిటికీ కింద బల్ల మీద పెట్టిన ప్లేటు పొద్దుగూకేలోగా శుభ్రం కావాలి. ఎవరిది, ఎందుకు అని అడిగేది లేదు. ఆ ఇంటి రివాజు అది. నాకు ఆ పని నేర్పింది కూడా ఆమే. నా చెయ్యి వణికితే, "ఊపిరి బిగబట్టొద్దు మే, ఊపిరితోనే గీకు" అనేది.

బావగారికి ఆకాశం పిచ్చి. యుద్ధం భయంతో మద్రాసు ఖాళీ చేసి వచ్చిన వాళ్ళెవరో వదిలించుకున్న చిన్న ఇత్తడి టెలిస్కోపు ఒకటి ఆయన చేతికి వచ్చింది. పెరట్లో టేకు గుంజ పాతి, కమ్మరి చేత ఇనుప ఇరుసు చేయించి, టెలిస్కోపును దానికి బిగించారు. దాని వీపున స్టూడియో కెమెరా కట్టారు. వరసగా నిలిచే మూడు గొల్లకావడి చుక్కల కింద వేలాడే చిన్న చుక్కల్లో, మధ్యదాని చుట్టూ పొగలాంటి వెలుగు ఒకటి ఉందట. ఇంగ్లీషు పుస్తకంలో దాన్ని నెబ్యులా అన్నారట. ఆ మాట మా ఎవరి నోటా తిరగలేదు. అందుకని బావగారు దాన్ని మచ్చ అన్నారు. చలికాలమంతా ఆయనకు అదే ధ్యాస. "మచ్చ తీయాల, ఎట్లయినా సరే ఆ మచ్చ తీయాల" అని అన్నం ముందర కూడా గొణుక్కునేవారు.

అది తేలికగా రాదు. ఆకాశం తిరుగుతూ ఉంటుంది కదా! గంట దగ్గరదగ్గర ప్లేటు తెరిచి ఉంచి, అంతసేపూ టెలిస్కోపులో కన్నుపెట్టి, ఇరుసుకు బిగించిన కుట్టుమిషను చక్రం ఒకటి మెల్లగా తిప్పుతూ చుక్కను రెండు గీట్ల నడుమ పట్టి ఉంచాలి. టెలిస్కోపు లోపల అడ్డంగా కట్టిన ఆ గీట్లు అక్క తలవెంట్రుకలే. గీట్లకని సాలెపోగు కోసం బావగారు మూలమూలా వెతుకుతుంటే విసుగొచ్చి తనే పీకి ఇచ్చింది. "కొండకిచ్చేది కొండకిచ్చినాం, ఇది సుక్కకి" అంది. అయినా ప్లేట్లు చెడిపోతూనే ఉన్నాయి. చెయ్యి తప్పితే చుక్కలు వానపాముల్లా సాగిపోయేవి. పైగా యుద్ధం వల్ల మద్రాసు నుంచి ప్లేట్లు రావడం నిలిచిపోయింది.

చివరికి ఒకనాడు వచ్చింది. పొద్దున్నే చీకటిగదిలోంచి బావగారు పిల్లవాడిలా ఎగురుతూ వచ్చారు. ఆ సంతోషంలో ప్లేటును తీసుకుపోయి, ఆరడానికి, ఎక్కడా చోటు లేనట్టు టచింగ్ బల్ల మీదే పెట్టి స్నానానికి పోయారు.

తిరిగి వచ్చి ప్లేటును వెలుతురుకు పట్టి చూసి, చూసి, అట్లాగే నేల మీద కూలబడ్డారు.

"సుక్కలన్నీ ఉండాయి సూడు, ఒక్కటి గూడా పోలేదు" అంది అక్క కొంగుతో చాకు తుడుస్తూ. "మద్దెలో పెద్ద మచ్చ పడిండె. సుబ్బరంగా తీసేసినా."

"నేను తీసింది గూడా ఆ మచ్చనే గదమే!" అన్నారు ఆయన. అరవలేదు. అరిచినా బాగుండేది.

నన్ను అడిగితే ఇందులో తప్పెవరిదీ లేదు. ఫోటోలవాళ్ళ ఇంట్లో 'తీయడం' అంటే రెండు అర్థాలు. బొమ్మ తీయడం ఒకటి, మచ్చ తీయడం ఒకటి. ఆయన మచ్చ తీయాలి, మచ్చ తీయాలి అంటుంటే, పాపం చుక్కల బొమ్మను ఏదో మరక చెడగొడుతోందని, దాన్ని వదిలించలేక ఈయన వేగిపోతున్నాడని ఆమె అనుకుంది. చేతనయిన సాయం చేసింది. "ఆకాశానికి గూడా అమ్మోరు పోస్తాదని నాకేం తెల్సు మే?" అని నాతో అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆరోజు ఆమె బల్ల దగ్గరికే పోలేదు. ఇల్లంతా తిరిగింది. కడిగిన గిన్నెలే కడిగింది. అంతలో బావగారికి చలిజ్వరం తగులుకుంది. జ్వరం విడిచినా చేతుల వణుకు పోలేదు. గొల్లకావడి రోజురోజుకీ పడమటికి దిగుతూ ఉంది. ఇంకొన్నాళ్ళు పోతే ఎండాకాలపు దుమ్ము కమ్మేస్తుంది. ఒక సాయంత్రం అక్క మంచం దగ్గర నిలబడి అడిగింది.

"ఇంకో ప్లేటుండాదా?"

"ఒకటుండాది. ఉంటే ఏం లాభం? నా చేతులు సూడు" అన్నారు ఆయన.

"చెరిపిందాన్ని నేను. నేనే తెస్తా."

మా అత్త పకపకా నవ్వింది. "నువ్వా? గంటసేపు ఒకచోట కూసుంటావా? సూడాల్సిందే" అంది. ఆ ఇంట్లో ఎవరం నమ్మలేదు.

దీపాలు పెట్టే వేళ దాటి, చీకటి చిక్కబడగానే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. బావగారు దుప్పటి కప్పుకుని వచ్చి కెమెరా మూత తీసి, గోడకు చేరబడ్డారు. పొయ్యి మీద పాలు చూడడం, ఇల్లు అదుపులో ఉంచడం నా పని. దాని కంటే ఆ చక్రం తిప్పడమే సులువనిపించింది నాకు. ఆమె చెయ్యి కదిలీ కదలనట్టు తిరుగుతోంది. దోమలు మెడ మీద వాలాయి. ఆమె తోలలేదు. నోరు మాత్రం ఆగితేనా! కన్ను తీయకుండానే, "కవ్వం ఉట్టి మీద పెట్టినావా మే? నీ పిల్లోడు దగ్గతాండాడు, మిరియాలు ఉడకబెట్టు" అని పురమాయిస్తూనే ఉంది. ఇంతలో వీధి తలుపు దబదబా బాదారు. రైలుకు పోవాలి, ఇప్పుడే ఫోటో తీయాలని కొండ దిగి వచ్చిన వాళ్ళు. లేచేస్తుందని గుమ్మంలోనే ఆగి ఆమె కాళ్ళకేసి చూశాను. ఆమె మడమ పైకి లేచింది కూడా. మళ్ళీ నేలకు ఆనించింది. "రేపు రమ్మను" అంది. ఆమె ఒక పిలుపుకు లేవకుండా ఉండడం నేను చూసింది అదే మొదలు. వాళ్ళను పంపించి వచ్చేసరికి ఆమె పెదవి కొరుక్కుంటూ ఉంది, కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి లేదు.

మచ్చ వచ్చింది. గోరంత మచ్చ. ప్లేటు ఆరేదాకా బావగారు దాన్ని చేతిలోంచి దించలేదు. "నా బల్ల మీద మాత్రం పెట్టొద్దురా సామీ" అంది అక్క. కాగితం మీద అచ్చువేస్తే రెక్కలు చాచిన తెల్లటి పొగలా ఉంది. ఇప్పటికీ అది స్టూడియో గోడ మీద ఉంది. చూసినవాళ్ళు సాంబ్రాణి పొగ ఫోటో ఎందుకు తీశారని అడుగుతారు.

ఆ తరువాత ఆమెలో ఒక కొత్త అలవాటు చూశాను. ఎవరి ప్లేటు బల్ల మీదికి వచ్చినా, పెన్సిలు పట్టే ముందు బయటికి వచ్చి అడిగేది. ఒకసారి సత్యవేడు నుంచి ఒక రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలామె మొహం నిండా అమ్మవారి మచ్చలు. "తీసేయాల్నా, ఉండనియ్యాల్నా?" అంది అక్క. అతను తెల్లబోయి, "అవి తీసేస్తే ఇంక మాయమ్మ యాడుంటాదమ్మా?" అన్నాడు. అక్క లోపలికి వచ్చి, ప్లేటును అట్లాగే అచ్చుకు పంపింది. ఆ రోజంతా నాతో ఎంతో మెత్తగా మాట్లాడింది.

నా చేతికి పని నేర్పిన మనిషి ఆమె. నా పురుళ్ళకు నిద్రలు కాచింది. ఆ రుణం ఎట్లా తీరుతుందో నాకు తెలియదు. కాని ఆమె పేరు తలుచుకుంటే ఇప్పుడు ఇవేవీ కంటి ముందుకు రావడం లేదు. చక్రం తిప్పిన ఆ రాత్రి పెరడే వస్తోంది.

బావగారు కెమెరాకు మూత వేసి, "అయిపాయ, ఇంక లే" అన్నారు. ప్లేటు తీసుకుని వణుకుతూ లోపలికి పోయారు. ఆమె లేవలేదు. అక్కా, మూత వేసేశారు కదా, ఇంకా ఎందుకు తిప్పుతావు అన్నాను. "ఉండు మే" అంది కన్ను తీయకుండా. "నన్ను కాలు నిలవదు, కాలు నిలవదు అని తిడతారే, ఈ సుక్క సూడు. రవ్వంత సేపు గూడా నిలబడలేదు. నేనే దాని ఎంట పోతాండా."

లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మా అత్త కేకలు పెడుతోంది. ఆమె మాత్రం పీట మీద వంగి కూర్చుని, పక్కింటి మిద్దె చాటుకు చుక్క పోయేదాకా ఆ చక్రాన్ని మెల్లగా తిప్పుతూనే ఉంది.